శ్లాబు వేడి తనిఖీకి ఇన్‌ఫ్రారెడ్ గన్: నాలుగు వేసవులు వాడాక

హైదరాబాద్‌లో పై అంతస్తులో ఉండేవాళ్లు మార్చి చివరికే తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇంట్లోకి వేడి శ్లాబులోంచి దిగుతోందా, పడమటి గోడలోంచి వస్తోందా, కిటికీలోంచా? అది తెలియకుండా తెల్ల పూతకో పీఓపీ సీలింగుకో డబ్బు పెడితే సగం వృథా. తేల్చుకోవడానికి, తాకకుండా దూరం నుంచే వేడి కొలిచే, పిస్తోలు ఆకారంలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. రెండు వేల రూపాయల లోపు దొరికే గన్నును నాలుగు వేసవులు వాడాక చెబుతున్న మాట ఇది. పరికరం మంచిదే, కానీ ఏ వేళకు చూశామన్నదే అసలు సంగతి.

కొనేటప్పుడు రెండు చూడాలి. దూరానికీ కొలిచే వృత్తానికీ నిష్పత్తి 12:1 ఉండాలి. అంటే పన్నెండడుగుల దూరం నుంచి కొలిస్తే అడుగు వెడల్పు మేర సగటు వేడి చూపిస్తుంది. లేజర్ చుక్క గురి కోసమే, కొలిచేది ఆ చుక్క ఒక్కటే కాదు. రెండోది, ఎమిసివిటీ, అంటే ఉపరితలం తన వేడిని ఎంత బాగా బయటికి వెదజల్లుతుందో చెప్పే అంకె, మార్చుకునే వీలు. సిమెంటు, ఇటుక, పెయింటు వేసిన గోడ అన్నిటికీ 0.95 పెట్టుకుంటే సరిపోతుంది. కరోనా కాలంలో కొన్న నుదుటి థర్మామీటరు ఈ పనికి రాదు, అది శరీరపు వేడి దాకానే కొలుస్తుంది.

ఎక్కువమంది పొరపడేది వేళ దగ్గరే. పూత వేసేవాళ్లు మధ్యాహ్నం డాబా మీదికి తీసుకెళ్లి, మామూలు సిమెంటు మీద 60, తెల్ల పూత మీద 45 చూపిస్తారు. ఆ అంకెలు నిజమే. కానీ మనం బతికేది శ్లాబు కింద. అయిదంగుళాల శ్లాబులో వేడి కిందికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికి సీలింగు కొలిస్తే ఫరవాలేదనిపిస్తుంది, అదే సీలింగు రాత్రి ఏడింటికి కాలుతూ ఉంటుంది. డాబా పైన రెండింటికి, సీలింగు కింద ఏడింటికి, మళ్లీ తెల్లవారి అయిదున్నరకు, ఇలా మూడు వేళల్లో చూడాలి. తొమ్మిదంగుళాల పడమటి గోడ ఇంకా ఆలస్యం, దాన్ని రాత్రి తొమ్మిది దాటాక చూడాలి. కొలిచే ముందు అరగంట ఫ్యాను, ఏసీ ఆపాలి.

పైన 15 డిగ్రీలు తగ్గిందని కింద కూడా 15 తగ్గుతుందనుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో పూత లేని శ్లాబు కింద సాయంత్రం 41, పూత ఉన్న గది సీలింగు 37, ఇదీ ఇక్కడ పదేపదే కనిపించిన తేడా. నాలుగు డిగ్రీలే కదా అనిపించొచ్చు, కానీ మంచం మీద పడుకున్నవాళ్లకు అది బాగా తెలిసే తేడా.

గదికి అయిదు గుర్తులు పెన్సిలుతో పెట్టుకోండి: సీలింగు నడిమధ్య ఒకటి, నాలుగు మూలల్లో గోడకు అడుగు దూరంలో ఒక్కోటి. వీటిని పోల్చాల్సింది బయటి ఎండతో కాదు, రెండు వైపులా గదులే ఉన్న లోపలి గోడతో. సీలింగు ఆ గోడ కంటే రెండు డిగ్రీల లోపు ఎక్కువుంటే శ్లాబుకు ఖర్చు పెట్టనక్కర్లేదు. అయిదు దాటితే వేడి పైనుంచే దిగుతోందన్నమాట. నడిమధ్య చల్లగా ఉండి పిట్టగోడ కింది మూలలు వేడెక్కితే, పైన పరిచిన థర్మోకోల్ పలకలు గానీ సున్నం కలిపి వేసిన జల్లి పొర గానీ పిట్టగోడ దాకా రాకుండా ఆగిపోయాయేమో చూడండి. బయటి నుంచి గోడ పట్టుకొచ్చే ఈ వేడిని నడిమధ్య ఎంత మందంగా పూసినా ఆపలేం.

తనిఖీకి సరైన రోజులు ఏప్రిల్ చివరి వారం నుంచి మే మధ్య వరకు. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నగరానికి సరిగ్గా నెత్తిమీద ఉంటాడు, నిలువు కర్రకు నీడ పడదు. ఆగస్టు 3 ప్రాంతంలోనూ అంతే కానీ అప్పుడు మబ్బులు. ముందురోజు గాలివాన పడితే రెండు రోజులు ఆగండి. తడి శ్లాబు ఆరుతూ చల్లబడి తక్కువ అంకె చూపిస్తుంది.

మెరిసే లోహం మీద ఈ గన్ను తప్పు చెబుతుంది. కొత్త రేకు, స్టీలు ట్యాంకు, ఫాయిల్ అంటించిన పలకల మీద సొంత వేడికి బదులు ఆకాశపు ప్రతిబింబాన్ని కొలిచి బాగా తక్కువ చూపిస్తుంది. నల్ల కరెంటు టేపు రెండంగుళాలు అంటించి, పది నిమిషాలాగి, గన్నును దగ్గరగా పెట్టి టేపు మీద కొలవాలి. ఏసీ గదిలోంచి గన్ను బయటికి తెచ్చాక కూడా పావుగంట ఆగాలి.

తెలంగాణ కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టి చల్లగా ఉండే పైకప్పు) విధానం 2023 ఏప్రిల్‌లో వచ్చింది. 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకు ఇలాంటి కప్పు తప్పనిసరి, అంతకంటే చిన్నవాటికి ఐచ్ఛికం. చిన్న ఇంటివాళ్లు పూత పనితనాన్ని తామే కనిపెట్టుకోవాలి. డబ్బా మీది అంకెలు కొత్త పూతవి. మన దుమ్ముకు మొదటి ఏడాదిలోనే తెలుపు మసకబారుతుంది. ఫిబ్రవరి చివర ఒక మూల నాలుగడుగుల చదరం నీళ్లు పోసి మెత్తటి చీపురుతో కడగండి. బాగా ఆరాక, మర్నాడు రెండింటికి కడిగిన చోట, పక్కన కడగని చోట కొలవండి. కడిగిన చోటు స్పష్టంగా చల్లగా ఉంటే డాబా అంతా కడిగితే చాలు. రెండూ ఒకటే అయి, కొత్తలో రాసిపెట్టుకున్న అంకె కంటే బాగా ఎక్కువుంటే మళ్లీ పూత వేయాల్సిందే.

గన్ను సరిగా ఉందో లేదో ఏడాదికోసారి చూడాలి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, ఖాళీలు నిండేలా నీళ్లు పోసి కలిపి, రెండంగుళాల దూరం నుంచి కొలిస్తే సున్నాకు అటూఇటూ రెండు డిగ్రీల్లో రావాలి. మరిగే నీటితో చూడొద్దు. ఆవిరి అద్దాన్ని కమ్మేస్తుంది, పైగా హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. అంకె ఊగుతుంటే ముందు బ్యాటరీ మార్చండి. వేసవి అయ్యాక బ్యాటరీ తీసి దాచండి, లోపల కారిందంటే గన్ను పోయినట్టే.