చీటీ లేనిదే యాంటీబయోటిక్ ఇవ్వని పెరంబూరు మందుల షాపు

చెన్నై పెరంబూరులో రెండేళ్లుగా మేము మందులు కొంటున్న షాపు ఇది. నలుగురు నిలబడితే నిండిపోయేంత చిన్నది. సాయంత్రం ఏడు దాటితే పావుగంటైనా వేచి ఉండాలి, కొన్ని మందులు మరునాటికి గాని దొరకవు. అయినా మా వీధి చివరనే ఉన్న పెద్ద షాపును దాటుకొని నేను ఇక్కడికే వస్తాను.

మొదటిసారి వచ్చింది మా నాన్నగారి దగ్గు కోసం. అంతకుముందు ఏడాది మరొక షాపులో చీటీ లేకుండానే ఇచ్చిన సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ మాత్రలను, కాస్త నయమనిపించగానే నాన్నగారు మానేయగా, మిగిలిన నాలుగింటిని చూపించి ఇవే మరికొన్ని ఇమ్మన్నాను. కౌంటరులోని పెద్దాయన నెల్లూరు యాసలో "డాక్టరు చీటీ ఏదమ్మా?" అని అడిగి, లేదనగానే స్ట్రిప్పును వెనక్కి తిప్పి, దాని మీద నిలువునా ఉన్న ఎర్ర గీతను వేలితో చూపించారు. డాక్టరు రాస్తేనే వాడవలసిన మందుకు అది గుర్తని, దాని గురించి 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచారం కూడా చేసిందని చెప్పారు. ఎన్నో స్ట్రిప్పులు నా చేతుల మీదుగా పోయాయి గాని ఆ గీతను నేను ఏనాడూ గమనించలేదు.

జలుబూ దగ్గూ చాలావరకు వైరసు వల్ల వస్తాయనీ, వాటి మీద ఈ మాత్ర పనిచేయదనీ, పైగా ఒంట్లోని బాక్టీరియాలో మందుకు లొంగేవి చచ్చి లొంగనివి మిగిలి పెరుగుతాయనీ, రేపు నిజంగా అవసరం పడిన రోజున అదే మందు పనికిరాకుండా పోవచ్చుననీ, వెనుక జనం నిలబడి ఉన్నా తొందరపడకుండా వివరించారు. ఇలా మందులకు లొంగని బాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది నేరుగా మరణించారన్న అంచనాను తరువాత చదివినప్పుడు నాకు ఆయన మాటలే గుర్తొచ్చాయి. చీటీ లేని యాంటీబయోటిక్ అమ్మకాలను కట్టడి చేయాలన్నది 2012లో ఈ నగరం పేరుతోనే వైద్య సంఘాలు వెలువరించిన చెన్నై డిక్లరేషన్‌లోనూ ఉంది.

నిరుడు మా చెల్లెలికి టైఫాయిడ్ అని రక్తపరీక్షలో తేలి, డాక్టరు అదే సెఫిక్సిమ్ రాసినప్పుడు, ఈసారి మందు వెంటనే దొరికింది. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, మాత్రల లెక్క అన్నీ పెద్దాయన ఒక పొడవాటి రిజిస్టరులో రాసుకున్నారు. సెఫిక్సిమ్ కూడా ఉన్న షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలోని మందులకు 2014 మార్చి నుంచి ఇది తప్పనిసరి, ఆ రిజిస్టరును మూడేళ్లు భద్రపరచాలి. ప్రస్తుతానికి సగం మాత్రలు చాలునన్నాను. జ్వరం దిగినా డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలని నచ్చజెప్పి, మొత్తం కోర్సు ఇచ్చి పంపారు.

నాకున్న అసంతృప్తి ఒక్కటే: ఇళ్లలో మిగిలిపోయిన మందులను వీరు వెనక్కి తీసుకోరు. ఆ ఏర్పాటు కూడా చేస్తే మాబోటి వారికి ఎంతో మేలు. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూసి ఉంటుంది. వెళ్లేవారు చీటీ మరిచిపోకండి.