వెల్డింగ్ హెల్మెట్‌లో పెట్టుకునే భూతద్దం: ఏడాది వాడాక

పోయిన ఏడాది వేసవిలో డాబా మీద మల్లె కుండీల స్టాండుకి ఒక కాలు ఊడింది. అంగుళం చదరపు పైపు, నా చేత్తో అతికించిందే. తిరగేసి చూస్తే వెల్డింగ్ గీత నున్నగా, వరసగా ఉంది. కానీ అతుకు మీద లేదు. అర సెంటీమీటరు పక్కన, ఒంటి పైపు మీద సాగిపోయింది. జాయింటు కంటికి ఆనకుండానే రాడ్డు నడిపానని అప్పుడు తెలిసింది. ఆ రోజు చాలా బాధపడ్డాను.

నాకు 63 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాక, తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో 200 ఆంపియర్ల ఇన్వర్టర్ మెషీన్ పెట్టుకున్నాను. డబ్బు కోసం కాదు. ఇనుము కరిగి కలిసే ఆ క్షణం నాకిష్టం. ఆ క్షణమే కనపడకపోతే ఇంక చేసేదేముంది?

చత్వారం వచ్చి చాలా ఏళ్ళయింది. ప్రోగ్రెసివ్ కళ్ళజోడుతో పేపరు బాగానే చదువుతాను. హెల్మెట్ పెట్టుకుంటేనే చిక్కు. దగ్గరి చూపు నంబరు అద్దంలో కింది భాగాన ఉంటుంది. అందులోంచి జాయింటు చూడాలంటే గడ్డం పైకెత్తాలి. ఎత్తితే హెల్మెట్ కిటికీ కూడా పైకి పోతుంది. పావుగంటకే మెడ పట్టేసేది.

విజయవాడ ఆటోనగర్‌లో రాడ్లు కొనేచోట ఈ మాట చెబితే కొట్లో కుర్రాడు, “లోపల వేసుకునే భూతద్దం ఉంటుంది మేష్టారూ, పెద్దవాళ్ళు చాలామంది అదే వాడతారు” అని ఒకటి చేతిలో పెట్టాడు. 50 మిల్లీమీటర్ల ఎత్తు, 108 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పాలీకార్బొనేట్ పలక. ధర 450 రూపాయలు. డబ్బా మీద కంపెనీ పేరు లేదు, పవర్ మాత్రం ఉంది. హెల్మెట్‌లో నల్లబడే ఫిల్టర్‌కి వెనక, మన కళ్ళవైపు దీన్ని పెట్టుకోవాలి.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. మీరు చెయ్యకండి. నా దగ్గరి చూపు నంబరు 2.5 కదా అని 2.5 పలకే తెచ్చాను. పిల్లలకి ఇన్నేళ్ళు చెప్పిన లెక్కే, 1ని పవర్‌తో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. 2.5కి 40 సెంటీమీటర్లు. అది పేపరు పట్టుకునే దూరం. వెల్డింగ్‌కి అంత దగ్గరికి వంగితే ముఖం పొగలోకి పోతుంది, రవ్వలు మెడ మీద పడతాయి. రెండు రోజులు అలాగే వంగి దగ్గుతూ చేశాక టేపు తీశాను. స్టూలు మీద నాకు అలవాటైన తీరులో కూర్చుంటే హెల్మెట్ కిటికీ నుంచి జాయింటుకి 50 సెంటీమీటర్లు. అంటే నాకు కావలసింది 2.0. మళ్ళీ వెళ్ళి అది తెచ్చుకున్నాను. కొనేముందు ఎవరైనా ఈ కొలత తీసుకోవాలి. మనకెప్పుడూ కళ్ళ నుంచి కొలవడం అలవాటు. ఇక్కడ మాత్రం కిటికీ నుంచి కొలవాలి, పలక ఉండేది అక్కడే కాబట్టి.

ప్రోగ్రెసివ్ పక్కన పెట్టి, దూరపు చూపు నంబరుతో మామూలు కళ్ళజోడు ఒకటి వేరుగా చేయించుకున్నాను. హెల్మెట్ లోపల అదే. ఇప్పుడు మెడ నిటారుగానే ఉంటుంది. కిటికీలో ఎటు చూసినా జాయింటు స్పష్టంగా ఉంటుంది.

మొదటిసారి 12 గేజి రాడ్డు, 75 ఆంపియర్లు పెట్టి అంటించినప్పుడు కరిగిన ఇనుము అంచు, దాని వెనక తేలే స్లాగు (రాడ్డు పూత కరిగి పైకి తేలే మడ్డి) వేరువేరుగా కనిపించాయి. కళ్ళు బాగున్న రోజుల్లో ఎప్పుడో అలా చూశాను. ఆ రోజు నాలుగు రాడ్లు పాత ముక్కల మీదే కాల్చాను, ఊరికే చూస్తూ.

లోపాలూ చెప్పాలి. నా హెల్మెట్‌లో పలకకి గాడి లేదు. నాలుగు మూలలా రెండు వైపులా అంటుకునే టేపు పెట్టాను. ఎండాకాలం అది వేడికి జారి, పలక ఒకసారి పని మధ్యలోనే ఒరిగింది. గాడి ఉన్న హెల్మెట్ అయితే ఈ బాధ లేదు. చలికాలం పొద్దున్నే ఊపిరి తగిలి మసకబారుతుంది. గీతలు తొందరగా పడతాయి. గ్రైండింగ్ దుమ్మున్న గుడ్డతో ఒక్కసారి తుడిచాను, మధ్యలో గీత పడిపోయింది. సబ్బునీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దాలి. థిన్నర్, అసిటోన్ దగ్గరికి రానివ్వకూడదు, పాలీకార్బొనేట్ పగుళ్ళు బారుతుంది. హెల్మెట్‌తోనే లేచి నడిస్తే దూరమంతా మసకే. కేబుల్ తట్టుకునే ప్రమాదం ఉంది, కాబట్టి లేచేముందు హెల్మెట్ ఎత్తెయ్యాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్తాను. ఇది నల్లద్దం కాదు. ఇది ఒక్కటే అడ్డం పెట్టుకుని వెల్డింగ్ వెలుగు చూస్తే కళ్ళు దెబ్బతింటాయి.

పలకతోనే అంతా అయిపోలేదు. వెలుగు కూడా కావాలి. రాడ్డు అంటించకముందు నా హెల్మెట్ 4వ షేడులో ఉంటుంది (షేడు అంటే అద్దం ఎంత నల్లగా ఉందో చెప్పే అంకె). ఆ షేడు వెలుగులో పదోవంతు కూడా లోపలికి రానివ్వదు. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది కాబట్టి మనకి ఇంకా తక్కువ అందుతుంది. అందుకే రాడ్డు ఎక్కడ ఆనించాలో తెలిసేది కాదు. ఒక ఎల్‌ఈడీ లైటు తెచ్చి జాయింటుకి జానెడు దూరంలో పక్కనుంచి పడేలా పెట్టాను. అతుకుకి రెండు వైపులా తెల్ల సుద్దతో గీస్తాను. వెనకనుంచి వచ్చే ఎండ పలక మీద పడి నా ముఖమే నాకు కనపడుతుంటే, తల వెనక ఖాకీ గుడ్డ వేలాడదీశాను.

ఇంత చేసినా వెలుగు చుట్టూ ఒక వలయం కనిపిస్తూనే ఉంటే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. “ఎడమ కంట్లో శుక్లం మొదలైంది మేష్టారూ, దానికి భూతద్దం ఏం చేస్తుంది?” అన్నారావిడ. పలక కొనకముందే చూపించుకోవలసింది. నేను వెనకాముందు చేశాను.

ఆపరేషన్ సంక్రాంతి అయ్యాక. తర్వాత కంటి నంబరు మారుతుందన్నారు, అందుకే గీత పడిన ఈ పలక ఇప్పుడే మార్చడం లేదు. కుండీల స్టాండుకి మాత్రం నాలుగు కాళ్ళూ మళ్ళీ వేశాను. మల్లె మొక్క దాని మీదే ఉంది.