పాలమూరులో మేం బాగుచేసుకున్న బాస్కెట్‌బాల్ కోర్టు: మూడు వానాకాలాల తర్వాత

మహబూబ్‌నగర్‌లో మా కాలనీ పార్కు వెనక ఒక బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. దాన్ని ఎప్పుడు కట్టారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. మేం ఇక్కడికి ఇల్లు మారినప్పుడు అందులో రెండు పోళ్లు, ఒక వంగిన రింగు, పగుళ్లలోంచి నడుమెత్తు పెరిగిన వయ్యారిభామ మొక్కలు ఉండేవి. స్కూటీ నేర్చుకునేవాళ్లకు మాత్రం బాగానే పనికొచ్చేది. మూడేళ్ల కింద ఓ పదిహేను మందిమి చందాలు వేసుకొని దాన్ని మళ్లీ ఆడే స్థితికి తెచ్చాం. అప్పటినుంచి వారానికి నాలుగైదు రోజులు పొద్దున ఐదున్నరకల్లా అక్కడుంటున్నాను. నాకిప్పుడు 47. కాలేజీ టీంలో ఆడినవాణ్ని, ఆ సంగతి మోకాళ్లు రోజూ గుర్తుచేస్తాయి.

ఈమధ్య వేరే కాలనీలవాళ్లు వచ్చి చూసిపోతున్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "ఏం రంగు వేసిన్రు సార్?" మూడేళ్లు ఆడినవాణ్నిగా చెబుతున్నా, రంగు సంగతి చివర్లో చూసుకోవచ్చు.

ముందు మా కోర్టు గురించి ఒక మాట. డబ్బులు సరిపోక మేం సగం కోర్టుకే అక్రిలిక్ కోటింగ్ వేయించాం. పార్కు గేటు వైపు సగం నీలం, ఆకుపచ్చ రంగులతో మెరిసింది. వేపచెట్టు వైపు సగంలో పగుళ్లు పూడ్చి, ఉత్త సిమెంటు మీద గీతలు గీసి వదిలేశాం. అప్పుడు అది చేతకానితనం అనిపించింది. ఇప్పుడు చూస్తే పోల్చుకోవడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ఒకే ఎండ, ఒకే వాన, అవే కాళ్లు, రెండు రకాల నేల.

పని మొదలుపెట్టినరోజు మేస్త్రీ రంగు డబ్బాల వైపు చూడనే లేదు. పాలమూరు మేస్త్రీ అంటే తెలుసుగా, దేశమంతా తిరిగి డ్యాములూ బ్రిడ్జిలూ కట్టొచ్చిన చెయ్యి. మా మేస్త్రీ పుణె వైపు ఇరవయ్యేళ్లు పనిచేసి వచ్చాడు. సన్నటి ప్లాస్టిక్ పైపు నిండా నీళ్లు పట్టి, ఒక కొస నన్ను పట్టుకోమని, ఇంకో కొసతో కోర్టంతా తిరిగాడు. పైపులో నీళ్ల గీత ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. కోర్టు పూర్తి సైజు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. నూటికి ఒకటి చొప్పున వాలు ఇచ్చినా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు 15 సెంటీమీటర్లు దిగాలి. మాది నాలుగు సెంటీమీటర్లు దిగింది, అదీ మధ్యలో ఒకచోట కుంగి. "నీళ్లు యాడికి పోవాల్నో చూడకుంట రంగెందుకు సార్? గోడకు సున్నమేసినట్టు ఐతది," అన్నాడు.

తర్వాత ట్యాంకర్ తెప్పించి కోర్టంతా తడిపాం. గంట ఆగి, నీళ్లు నిలిచిన ప్రతిచోటా ఒక రూపాయి బిళ్ళ పెట్టాడు. బిళ్ళ మునిగితే చుట్టూ చాక్‌పీస్‌తో గుండ్రంగా గీత. మునగకపోతే వదిలెయ్. అలా పదకొండు గుండ్రాలు తేలాయి, అందులో ఏడు గేటు వైపే. స్లాబ్ మొత్తం పగలగొట్టి పోసే శక్తి మాకు లేదు. కాబట్టి పల్లాల్ని మెత్తి, దిగువ పక్కన జానెడు లోతు కాలువ తవ్వించి, దానిమీద జాలీ పెట్టాం. నా లెక్కలో ఈ మొత్తం పనిలో పైసా వసూలైంది ఆ కాలువ ఒక్కటే. పాతరోజుల్లో వాన పడితే రెండ్రోజులు ఆట బంద్. ఇప్పుడు ఆగస్టులో రాత్రంతా కురిసినా, తెల్లారి రెండు వైపర్లతో ముప్పావు గంట తోస్తే ఆడుకోవచ్చు.

కానీ ఒక తప్పు చేశాం, అది మాదే. పల్లాల్లో కొత్తగా మెత్తిన సిమెంటు బాగా ఆరాలి, 28 రోజులైనా ఆగండి అని మేస్త్రీ చెప్పాడు. మేం పన్నెండో రోజే రంగు వేయించాం. ఎందుకంటే ఓపెనింగ్ డేట్ ఖాయమైంది, ఫ్లెక్సీ కూడా కొట్టించారు, టెన్షన్. రెండో వానాకాలానికి సరిగ్గా ఆ ఏడు చోట్లా కోటింగు పూరీలా పొంగింది. వేలితో నొక్కితే కింద నీళ్లు కదిలేవి. మూడో ఏడు అవి పగిలి, అప్పచ్చుల్లా ఊడొచ్చాయి. మిగతా చోట్ల మాత్రం అదే కోటింగు ఇప్పటికీ గట్టిగా ఉంది. అంటే సరుకు మంచిదే, తొందర మాది.

ఇక ఆడేవాడికి తేడా ఏంటంటే, గేటు వైపు కాలు బాగా పట్టు దొరుకుతుంది. కోటింగులో సన్నటి ఇసుక కలుపుతారు కాబట్టి పొద్దున్నే మంచు తడి ఉన్నా బూటు జారదు. కింద పడితే మోకాలు గీసుకుంటుంది గానీ తోలు లేచిపోదు. వేపచెట్టు వైపు పడితే మాత్రం వారం రోజులు లుంగీయే గతి. బంతి కూడా అంతే. ఏడో నంబరు రబ్బరు బంతి మీద బొడిపెలు వేపచెట్టు వైపు ఐదు నెలల్లో అరిగి నున్నగా గుమ్మడికాయలా అవుతుంది. గేటు వైపు ఎనిమిది నెలల దాకా నడుస్తుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఐదింటికి కూడా ఆ ముదురు నీలం మీద ఉత్త కాళ్లతో నిలబడలేం. చిన్నపిల్లలు తమంతట తాము వేపచెట్టు నీడకు మారిపోతారు. మళ్లీ వేయిస్తే లేత రంగు వేయిస్తాను. వేపచెట్టుకూ ఓ లోపం ఉంది. జూన్‌లో పండ్లు రాలి, బూట్ల కింద చితికి, కోర్టు జిగురైపోతుంది. నా కాలు బెణికింది అక్కడే, ఖాళీ కోర్టులో, ఒంటరిగా లేఅప్ (పరుగెత్తుకెళ్లి రింగు దగ్గర ఎగిరి వేసే షాటు) వేస్తూ.

గీతల విషయంలో పెద్ద పంచాయితీ నడిచింది. పాత గీతల్లో రింగు ముందు నేల మీద గీసే 'కీ' అనే భాగం బోర్డు వైపు వెడల్పుగా, కోర్టు మధ్యకు పోనుపోను సన్నగా ఉండేది. మూడు పాయింట్ల గీత, అంటే దాని బయటినుంచి బంతి వేస్తే మూడు పాయింట్లు వచ్చేది, రింగు నుంచి 6.25 మీటర్ల దగ్గర. 2010లో రెండూ మారాయి: కీ దీర్ఘచతురస్రం అయింది, గీత 6.75కి జరిగింది. నా వయసువాళ్లు పాతదే ఉండనివ్వమన్నారు. నిజం చెప్పాలంటే ఆ అరమీటరు దూరం మా చేతులకు అందదు. కానీ రేపు జిల్లా సెలెక్షన్‌కు పోయే పిల్లలు పాత గీతల మీద ప్రాక్టీస్ చేస్తే ఏం లాభం? పిల్లలే గెలిచారు. గెలవాల్సిందే.

రింగుల దగ్గర డబ్బు రెండుసార్లు పోసుకున్నాం. మొదట చవకగా వచ్చిందని గొట్టం వంచి చేసిన రింగులు బిగించాం. నాలుగు నెలల్లో రెండూ ఏనుగు తొండాల్లా కిందికి వాలాయి. పిల్లలు వేలాడతారు, వద్దంటే ఇంకా వేలాడతారు. తర్వాత తెలిసినాయన వెల్డింగ్ షాపులో 18 మిల్లీమీటర్ల గట్టి కడ్డీతో చేయించాం. లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, టేపు పెట్టి నాలుగు వైపులా కొలిచి తీసుకున్నాం. ముఖ్యమైన సంగతి ఇంకొకటి. రింగును బోర్డుకు బిగించి వదిలేయకూడదు, దాని బరువు వెనకున్న ఇనుప ఫ్రేము మీద పడాలి. లేకపోతే వేలాడిన ప్రతిసారీ బోర్డు పగులుతుంది. మా మొదటి ప్లైవుడ్ బోర్డు అలాగే పోయింది. పైగా వానకు ఉబ్బి, బంతి తగిలితే దిండుకు కొట్టినట్టు చప్పుడు. ఇప్పుడున్నది ఫైబర్ బోర్డు. మూడేళ్లలో రంగు వెలిసింది, అంతే.

ఎత్తు సంగతి ఎవరూ ఆలోచించరు. రింగు నేల నుంచి 3.05 మీటర్లు, అంటే పది అడుగులు ఉండాలి. మేం పల్లం పూడ్చడానికి గేటు వైపు రింగు కింద రెండంగుళాల సిమెంటు పోశాం. నేల పైకొచ్చింది, రింగు అక్కడే ఉంది. రెండు నెలలపాటు మా కుర్రాళ్లు గేటు వైపు బాగా వేసి, అటువైపు తప్పేవారు. ఎండ కళ్లల్లో పడుతుందని, గాలి అని ఏవేవో చెప్పుకున్నాం. చివరికి ఎనిమిదో తరగతి పిల్ల ఇంటి నుంచి టేపు తెచ్చి కొలిచింది. బోర్డు ఊడదీసి పైకి జరపడానికి ఒక ఆదివారం పట్టింది.

నెట్టు చిన్న వస్తువు, కానీ అది లేకపోతే ప్రతి షాటుకూ తగువే. లోపల్నుంచి పోయిందా, పక్క నుంచి పోయిందా అని. నైలాన్ నెట్టు మా ఎండకు నాలుగు నెలలు ఆగుతుంది, తర్వాత దారం పొడిపొడిగా రాలుతుంది. ఒకసారి గొలుసుల నెట్టు పెట్టి చూశాం. వారం తిరక్కుండానే పక్కింటి రిటైర్డ్ సారొచ్చి, "పొద్దుగాల్నే గొలుసులేసిన ఏనుగు తిరిగినట్టుంది," అన్నారు. పైగా బోర్డుకు ఎగిరినప్పుడు వేళ్లు ఇరుక్కుంటాయి. తీసేసి మళ్లీ నైలాన్‌కే వచ్చాం. పన్నెండు కొక్కేలకూ కట్టాలి, దానికి నిచ్చెన కావాలి. 1891లో అమెరికాలో నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు తగిలించి ఈ ఆట మొదలుపెట్టినప్పుడు, పడిన బంతిని తీయడానికి నిచ్చెన ఎక్కాల్సి వచ్చేదట. నూట ముప్ఫై ఏళ్లు దాటినా మేం ఇంకా ఎలక్ట్రీషియన్ నిచ్చెన కోసం ఎదురుచూస్తూనే ఉన్నాం.

లైట్లు రెండు ఎల్‌ఈడీలు. రాత్రి తొమ్మిదికి ఆపేయాలని ఒప్పందం, దాదాపుగా పాటిస్తున్నాం. తొలకరి పడిన రోజు మాత్రం లైటు వేస్తే ఆట లేనట్టే. ఉసిళ్లు వేలకొద్దీ వచ్చి, రెక్కలు రాల్చి, నేలంతా జారుడు చేస్తాయి. వాటికోసం కప్పలు సెంటర్ సర్కిల్ దాకా వచ్చి కూర్చుంటాయి. చిన్నపిల్లలకు అదే ఆట.

ఇప్పుడు అసలు కష్టం. కోర్టు బాగుపడగానే అది అందరికీ కావాల్సి వచ్చింది, చదునైన శుభ్రమైన నేల కదా. జనవరిలో వీధి చివరి అవ్వ కందులు తెచ్చి సగం కోర్టులో ఆరబోసింది. మా కుర్రాడు గొంతు పెంచితే, "గింజ పండినంక కల్లంల ఎయ్యక నెత్తిమీద ఎయ్యాల్నా బిడ్డా?" అంది. ఆమె మాటకు జవాబు లేదు. పదకొండు నుంచి మూడు దాకా వేపచెట్టు వైపు ఆమెదని తేల్చాం, ఆ ఎండలో ఎలాగూ ఎవరం ఆడం. మూడు తర్వాత ఆమే గింజ మిగలకుండా ఊడ్చి పోతుంది. నిజానికి ఆ నెలన్నర కోర్టు ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉంటుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం ఆట బంద్, దానికీ ఎవరికీ అభ్యంతరం లేదు. పూలు మాత్రం ఆ రాత్రే ఎత్తేయాలి, బంతిపూల మరక నీలం రంగు మీద నెల దాకా పోదు.

టెంటు గూటాలను మాత్రం క్షమించలేను. ఒక ఫంక్షన్‌కు షామియానా వేస్తూ, మూడడుగుల ఇనుప గూటాలు ఫ్రీ త్రో గీత మీదే దిగ్గొట్టారు. పొద్దున్నే వచ్చి చూస్తే ఆరు రంధ్రాలు, ఒక్కోదాని చుట్టూ సాలెగూడులా పగుళ్లు. ఎవరి ఫంక్షనో రాయను. ఆ తర్వాత గేటు పక్కన ఇసుక నింపిన పది నూనె డబ్బాలు పెట్టాం: టెంటు తాళ్లు వీటికి కట్టుకోండి, గూటాలు వద్దు. ఇప్పటిదాకా పనిచేస్తోంది. క్రికెట్ పిల్లలతో ఇంకా రాజీ కుదర్లేదు. వాళ్లకు బోర్డే వికెట్.

అమ్మాయిలకు సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర గంట విడిగా ఇచ్చాం, వాళ్లకోసం కాస్త చిన్నదైన ఆరో నంబరు బంతి కొన్నాం. మొదటి ఏడాది ఇద్దరే వచ్చేవారు. పార్కు బాత్రూమ్‌కు గడియ పెట్టించి, లైటు వేయించాక పదిమంది దాటారు. ఇది రంగు వేయించేటప్పుడు మా ఎవరి బుర్రలోనూ లేని ఖర్చు, అయింది కూడా చాలా తక్కువ.

డబ్బు తక్కువగా ఉండి మొదలుపెట్టేవాళ్లు మొత్తం కోర్టు పెట్టుకోకండి, సగం చాలు. ముగ్గురు ముగ్గురుగా ఆడే ఆట 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనే చేరింది. దానికి ఒక్క రింగు, 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు సరిపోతాయి. పది నిమిషాలు, లేదా 21 పాయింట్లు. మా దగ్గర రోజూ జరిగేది అదే. ఐదుగురు ఐదుగురుగా నిండా ఆట ఆదివారాలే కుదురుతుంది.

ఈసారి చందా మళ్లీ వసూలు చేస్తున్నాం. ఊడిన ఏడు చోట్లా రంగు గీకేసి, మేస్త్రీ చెప్పినన్ని రోజులు ఆగి, తర్వాతే పూత. వేపచెట్టు వైపు రంగు వేయిద్దామని కుర్రాళ్లు పట్టుబడుతున్నారు. నేను మాత్రం కాలువను అటువైపు పూర్తిగా పొడిగిద్దామంటున్నా. ఓట్లు పెడితే తొమ్మిది, ఆరు. ఓడిపోయాను. మేస్త్రీకి ఫోన్ చేసి, ఆ పైపు తీసుకొని ఒకసారి రమ్మన్నాను.