ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ఎంపిక: మాటామంతీనా, ముందే కట్టిన ప్రశ్నలా, ఫ్లోర్ మీద పరీక్షా? ఏది మేలు?

సూపర్‌వైజర్ ఉద్యోగానికి వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "మీ గురించి చెప్పండి" అంటే అరగంట హాయిగా గడిచిపోతుంది. ఓఈఈ (షిఫ్టు సమయంలో ఎంత శాతం మంచి పీసులుగా మారిందో చెప్పే కొలత) తెలుసు, ఫైవ్ ఎస్ (పనిచోటును సర్ది, శుభ్రంగా ఉంచే పద్ధతి) తెలుసు, కైజెన్ (ఆగకుండా చేసే చిన్న చిన్న మెరుగులు) తెలుసు. చేరిన మూడో వారంలో, రాత్రి షిఫ్టుకు ఇద్దరు ఆపరేటర్లు రాని రోజున, అదే మనిషి లైన్ వదిలేసి మేనేజర్‌కు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు. పూర్తిగా ఆయన తప్పని అనలేం. అలాంటి రోజు గురించి ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు.

సూపర్‌వైజర్ తన చేత్తో ఒక్క పీసూ తయారు చేయరు. అయినా షిఫ్టులో తయారైన ప్రతి పీసుకూ ఆయనదే జవాబుదారీ. 1940ల్లో అమెరికా యుద్ధకాలపు ఫ్యాక్టరీల కోసం నడిపిన టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) శిక్షణ, సూపర్‌వైజర్‌కు ఐదు కావాలంది: పని తెలియాలి, బాధ్యతలు తెలియాలి, ఇతరులకు నేర్పడం రావాలి, పని పద్ధతిని మెరుగుపరచడం రావాలి, మనుషుల్ని నడపడం రావాలి. మొదటి రెండూ మాటల్లోనే బయటపడతాయి. మిగతా మూడూ చేయించి చూడనిదే తేలవు. కింది మూడు పద్ధతుల్ని పోల్చేటప్పుడు అసలు తేడా ఇక్కడే ఉంది.

మాటామంతీ ఇంటర్వ్యూ

దీనికి తయారీ అక్కర్లేదు. ఖర్చు లేదు. అభ్యర్థి బెరుకు పోగొట్టడానికి, షిఫ్టు వేళలు, జీతం, వీక్లీ ఆఫ్ లాంటివి తేల్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. మనిషిని తూచడానికి మాత్రం పనికిరాదు. టూల్‌రూమ్ నుంచి ఎదిగిన మేనేజర్ డై సెట్టింగ్ గురించే అడుగుతారు. హెచ్‌ఆర్ వాళ్లు "మీ బలహీనత ఏమిటి" అంటారు. ఒక అభ్యర్థిని అడిగింది ఇంకొకరిని అడగరు, కాబట్టి చివరికి పోల్చడానికి ఏమీ మిగలదు. ఇద్దరు బలహీనులు వెళ్లాక వచ్చిన మధ్యరకం మనిషి మెరుపులా కనిపిస్తారు. సొంత కంపెనీలో పనిచేసి వచ్చినవారిపై, సొంత బ్రాంచి చదివినవారిపై మనసు ఊరికే మెత్తబడుతుంది.

దీనికి లెక్కలూ ఉన్నాయి. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల పరిశోధనలను కలిపి, ఏ ఎంపిక పద్ధతి తర్వాతి పనితీరుతో ఎంత పొంతన చూపుతుందో అంచనా కట్టారు. పూర్తి పొంతన అంటే 1. పని చేయించి చూసే పని నమూనా పరీక్షకు (మన ఫ్లోర్ పరీక్ష ఈ కోవదే) 0.54, ముందే కట్టిన ఇంటర్వ్యూకు 0.51, మాటామంతీకి 0.38, అనుభవం ఎన్నేళ్లన్న అంకెకు 0.18 వచ్చాయి. 2022లో పాల్ సాకెట్ బృందం, పాత లెక్కల్లోని గణాంక సవరణలు మోతాదు మించాయని చూపి తిరిగి అంచనా వేసింది. అప్పుడు ముందే కట్టిన ఇంటర్వ్యూ 0.42తో ముందుకొచ్చింది, పని నమూనా 0.33కు దిగింది, మాటామంతీ 0.19కి పడిపోయింది. ఇవి అన్ని రకాల ఉద్యోగాలకూ కలిపిన అంకెలు, సూపర్‌వైజర్లకే ప్రత్యేకం కావు. అయినా ప్రకటనలో "కనీసం 8 ఏళ్ల అనుభవం" అని రాసి మంచివాళ్లను గుమ్మం బయటే ఆపేసే అలవాటు మానుకోవడానికి ఆ 0.18 చాలు.

ముందే కట్టిన ఇంటర్వ్యూ

అందరికీ అవే ప్రశ్నలు, అదే వరస, అదే మార్కుల కొలబద్ద. ఆరు నుంచి ఎనిమిది ప్రశ్నలు, 50 నిమిషాలు, అడిగేవాళ్లు ఇద్దరు. ఒకరు ప్రొడక్షన్ నుంచి, ఇంకొకరు క్వాలిటీ లేదా హెచ్‌ఆర్ నుంచి ఉంటే చాలు. ఐదుగురు కూర్చుంటే అది విచారణలా మారుతుంది.

ప్రశ్నలు రాయడం సులువే. కష్టమంతా జవాబుకు కొలబద్ద రాయడంలో ఉంది, చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. ఒక ప్రశ్న చూద్దాం: "షిఫ్ట్ ముగియడానికి 40 నిమిషాలుంది. అర్జంట్ ఆర్డర్‌కు ఇంకా 60 పీసులు కావాలి. ప్రెస్ గార్డ్ ఇంటర్‌లాక్‌ను (గార్డ్ తెరిస్తే మెషిన్‌ను ఆపే రక్షణను) బైపాస్ చేసి ఆపరేటర్ నడుపుతున్నట్టు చూశారు. ఏం చేస్తారు?"

"జాగ్రత్తగా నడపమని చెప్తాను, ఆర్డర్ వెళ్లాక సరిచేయిస్తాను" అంటే 1 మార్కు. మెషిన్ ఆపించి మెయింటెనెన్స్‌కు కబురు పెట్టి అక్కడితో ఊరుకుంటే 3. మెషిన్ ఆపి లాకౌట్ చేయించడం (ఎవరూ తిరిగి ఆన్ చేయకుండా తాళం వేయించడం), సెన్సర్ ఊరికే ట్రిప్ అవుతోందా లేక టార్గెట్ ఒత్తిడికి చేశారా అని ఆపరేటర్‌ను కనుక్కోవడం, ఆలస్యమవుతుందని డిస్పాచ్‌కు అప్పుడే చెప్పడం, హ్యాండోవర్ బుక్కులో రాయడం, ఇవన్నీ వస్తే 5. ఈ మూడు మెట్లూ ఇంటర్వ్యూకు ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే ధీమాగా మాట్లాడినవారికి 4, తడబడుతూ సరైన మాట చెప్పినవారికి 2 పడతాయి.

ప్రశ్నలు రెండు రకాలు. "ఇలా జరిగితే ఏం చేస్తారు" అనే రకాన్ని 1980లో గ్యారీ లేథమ్ బృందం ముందుకు తెచ్చింది. "ఇలాంటిది ఎదురైనప్పుడు ఏం చేశారు" అనేదాన్ని 1982లో టామ్ జాంజ్ ప్రతిపాదించారు. ఇప్పటికే సూపర్‌వైజర్‌గా చేస్తున్నవారిని రెండో రకం అడగడమే మేలు. నిజంగా చేసిన పనికి రోజు, షిఫ్టు, మెషిన్, అంకె అన్నీ నోటికొస్తాయి. ఆపరేటర్ నుంచి పైకి రాబోతున్నవారికి మొదటి రకమే న్యాయం, ఎందుకంటే ఇంతవరకు చేయని పనికి ఉదాహరణ చెప్పమంటే వాళ్లెక్కడి నుంచి తెస్తారు? రెండో రకంలో ఒక మెలిక ఉంది. "మేం రిజెక్షన్ తగ్గించాం" అంటారు. మన మాటతీరులో "మేం" అనడం మర్యాద, అందులో దాపరికమేమీ ఉండనక్కర్లేదు. కాబట్టి అనుమానించకుండా, "అందులో మీరు స్వయంగా చేసింది ఏమిటి? ముందు ఎంత శాతం ఉండేది, ఎన్ని వారాల్లో ఎంతకు వచ్చింది? ఎలా కొలిచారు?" అని మూడు మెట్లు దిగండి. ఊరికే చెప్పినవారు రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు.

మార్కుల బరువులు ఇలా వేసుకోవచ్చు: మనుషుల్ని నడపడం 30, రోజువారీ సమస్యల్ని విప్పడం 25, భద్రత 20, క్వాలిటీ 15, లెక్కలు, రికార్డులు 10. ప్రతి అంశానికీ 1 నుంచి 5. ఇందులో ఒక గొయ్యి ఉంది. భద్రతలో 1 తెచ్చుకుని మిగతా అన్నింట్లో 4 తెచ్చుకున్న అభ్యర్థికి భద్రతలో 20కి 4, మిగతావాటిలో 80కి 64, కలిపి 68 వస్తాయి. అన్నింట్లోనూ 3 తెచ్చుకున్నవారికి 60. అంటే ఇంటర్‌లాక్ బైపాస్‌ను చూసీచూడనట్టు వదిలే మనిషి గెలుస్తారు! అందుకే భద్రతలో 3 కన్నా తక్కువ వస్తే మొత్తం ఎంతైనా సరే తీసుకోకూడదన్న నియమం ముందే రాసుకోవాలి. అభ్యర్థి ముఖం చూశాక ఈ నియమం పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇద్దరూ మార్కులు విడివిడిగా రాసుకున్నాకే నోరు విప్పాలి. మేనేజర్ ముందుగా "బాగున్నాడు" అన్నారంటే రెండో వ్యక్తి పెన్ను అటే వాలుతుంది. ఏ అంశంలోనైనా తేడా 2 మార్కులు దాటితే సగటు తీయకండి. ఎవరు ఏ మాట విని ఆ మార్కు వేశారో నోట్సులోంచి చదువుకోండి.

ఫ్లోర్ మీద పరీక్ష

దీనికి ఒక్కో అభ్యర్థికి 90 నిమిషాలు, ఇద్దరు పరిశీలకులు కావాలి. అందరికీ పెట్టలేం. చివరికి మిగిలిన ఇద్దరు ముగ్గురికే.

మొదటి 30 నిమిషాలు ఒక షిఫ్ట్ షీటు. 480 నిమిషాల షిఫ్టు, భోజనానికి 30, టీకి రెండుసార్లు 10 పోగా 430 మిగులుతాయి. ఒక్కో పీసుకు 30 సెకన్లు. రాసి ఉన్న బ్రేక్‌డౌన్ 70 నిమిషాలు. తయారైనవి 612, అందులో మంచివి 582. "నిన్న ఎక్కడ పోగొట్టుకున్నాం? ఈ రోజు మొదటి గంటలో ఏం చేస్తారు?" ఇదే ప్రశ్న.

ఓఈఈ 67.7 శాతమని తేల్చేవారు చాలామందే ఉంటారు. 70 నిమిషాల బ్రేక్‌డౌన్ మీద పడి మెయింటెనెన్స్‌ను తప్పుపట్టేవారూ ఉంటారు. అసలు చూడాల్సింది వేరే ఉంది. మెషిన్ నడిచిన 360 నిమిషాల్లో 720 పీసులు రావాలి, 612 వచ్చాయి. 108 పీసులంటే 54 నిమిషాలు, షీటులో ఎక్కడా రాయని 54 నిమిషాలు. పార్టు ఇరుక్కోవడం, ట్రే నిండిపోవడం, గేజ్ కోసం పక్క లైనుకు వెళ్లడం లాంటి అర నిమిషం, నిమిషం ఆగుళ్లన్నీ కలిసి అంతైంది. రిజెక్షన్‌లో పోయింది 15 నిమిషాలే. "ఈ 54 ఎక్కడ పోయాయి? గంట గంటకూ కౌంట్ రాస్తున్నారా? నేనైతే ముందు లైను పక్కన 20 నిమిషాలు నిలబడి చూస్తాను" అన్న అభ్యర్థి దొరికితే వదలకండి.

తర్వాత 20 నిమిషాలు ఫ్లోర్ మీద నడక. ఇండక్షన్ చెప్పి, సేఫ్టీ బూట్లు, కళ్లద్దాలు ఇచ్చి, మెషిన్‌ను ముట్టుకోవద్దని ముందే చెప్పాలి. పరీక్ష కోసం నిజమైన ప్రమాదాన్ని అమర్చడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. నేల మీద నూనె పోసి చూస్తే జారిపడేది ఆపరేటరే. కాగితాల తప్పులు పెట్టవచ్చు: గోడ మీద పాత రివిజన్ వర్క్ ఇన్‌స్ట్రక్షన్ (పని ఎలా చేయాలో చెప్పే కాగితం), లేబుల్ లేని ఎర్ర బిన్ (రిజెక్ట్ పీసుల డబ్బా), సంతకం లేని ఫస్ట్ పీస్ అప్రూవల్ (మొదటి పీసు సరిగా ఉందని ఒప్పుకున్న కాగితం). లైను నడుపుతున్న కాగితాల్ని మార్చకండి. పక్కన ఖాళీగా ఉన్న వర్క్‌స్టేషన్‌లో నమూనాలు తగిలించి, అక్కడి ఆపరేటర్లకు ముందే చెప్పి ఉంచండి. మూడింట్లో ఎన్ని పట్టుకున్నారన్నది సగం మార్కులే. మిగతా సగం, ఆపరేటర్ దగ్గర ఎలా ఆగారన్న దానికి. పసుపు గీత బయట నిలబడి, మెషిన్ సైకిల్ పూర్తయ్యాక పలకరించి, "ఇక్కడ మీకు ఇబ్బంది పెట్టేది ఏది?" అని అడిగేవారు కొందరు. మెషిన్ మీదికి వంగి, ఆపరేటర్ అక్కడ లేనట్టే మనతో మాట్లాడేవారు కొందరు. రెండో రకం మనిషి కింద పనిచేసేవాళ్లు ఏ లోపమూ పైకి చెప్పరు.

చివరిది నేర్పే పరీక్ష. ఒక చిన్న పని, ఉదాహరణకు ఒక ముడి వేయడమో ఐదారు భాగాల బిగింపో, అభ్యర్థికి ముందురోజే ఇచ్చి, తెలియని మనిషికి 10 నిమిషాల్లో నేర్పమనాలి. టీడబ్ల్యూఐలో ఎలక్ట్రిక్ వైరు ముడితోనే ఈ పాఠం చూపేవారు. నేర్చుకునేవారిని సిద్ధం చేయడం, చేసి చూపడం, చేయించి చూడటం, తర్వాత కనిపెట్టుకుని ఉండటం, ఈ నాలుగు మెట్లకూ మార్కులు వేయండి. చాలామంది రెండో మెట్టు దగ్గరే "అర్థమైందా?" అని ఆగిపోతారు. అవతలి మనిషి తలూపుతారు. మర్నాడు రిజెక్షన్ పుట్టేది ఆ తలూపులోంచే.

ఫ్లోర్ పరీక్షకూ లోపాలున్నాయి. మన ప్లాంటు అలవాట్లు తెలిసిన లోపలి అభ్యర్థికి నడకలో అయాచితంగా మార్కులు పడతాయి. షీటు, నేర్పే పరీక్షల్లో ఆ తేడా దాదాపు ఉండదు కాబట్టి లోపలివారు, బయటివారు పోటీలో ఉన్నప్పుడు నడకకు బరువు సగానికి తగ్గించండి. ఇంకొకటి: గంటన్నరలో ఎవరైనా ఓర్పుగా ఉండగలరు. నెల రోజుల ఒత్తిడిలో ఎలా ఉంటారో పరీక్ష చెప్పదు. పాత మేనేజర్‌తో మాట్లాడినప్పుడు "మంచివాడేనా" అని కాకుండా "ఆయన షిఫ్టులో గైర్హాజరు మిగతా షిఫ్టులకన్నా ఎక్కువా తక్కువా?" అని అడిగితే ఆ వైపు కొంత తెలుస్తుంది.

ఏది ఎప్పుడు

ఒక్కటే చేయగలిగితే ముందే కట్టిన ఇంటర్వ్యూ. మా ఓటు దానికే, సందేహం లేదు. ఒక పూట కూర్చుని రాసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. ప్రశ్నలు బయటికి పొక్కుతాయి కాబట్టి ఒక్కో అంశానికి రెండు మూడు రాసుకుని మార్చుకుంటూ ఉండాలి. వచ్చినవాళ్లు ఎక్కువైతే 15 నిమిషాల ఫోన్ మాటతో ఆరుగురికి కుదించి, వాళ్లకు ఇంటర్వ్యూ పెట్టి, ఇద్దరు ముగ్గురిని ఫ్లోర్‌కు తీసుకెళ్లండి. లోపలి ఆపరేటర్‌కు పదోన్నతి ఇవ్వాలనుకుంటే వరస తిప్పండి. ఆయనకు పని వచ్చని తెలుసు, తెలియనిది నేర్పడం, నడపడం. కాబట్టి పరీక్షే ముందు.

రెండింటి మార్కులూ పొంతన లేకుండా వస్తే, అంటే ఇంటర్వ్యూలో 82, ఫ్లోర్‌లో 55 వస్తే, కూడి సగం చేయకండి. తగ్గింది ఎక్కడో చూడండి. షీటు లెక్కలో తగ్గితే మూడు వారాల్లో నేర్పవచ్చు. ఆపరేటర్‌తో మాట్లాడిన తీరులో తగ్గితే, ఇంటర్వ్యూలో చెప్పిన జవాబులు ఎంత అందంగా ఉన్నా ఫ్లోర్ మీద కళ్లారా చూసినదాన్నే నమ్మండి.

ఎంపిక కాని లోపలి అభ్యర్థికి ఆ సంగతి మార్కుల కాగితం ముందు పెట్టుకుని, మేనేజరే, పేరు బయటికి చెప్పకముందే చెప్పాలి. ఏ అంశంలో ఎంత తగ్గిందో, ఆరు నెలల్లో ఏ పని అప్పగిస్తే అది పెరుగుతుందో చెప్పాలి. మర్నాడు ఉదయం కొత్త సూపర్‌వైజర్ నిలబడేది ఆయన లైను ముందే.