థర్మోస్టాట్ మంచిదే, పేచీ అంతా దాని రబ్బరు కప్పుతోనే

మా బాల్ పైథాన్ (పెంపుడు కొండచిలువ) పెట్టెకు, హీటర్ వేడిని అదుపులో ఉంచే డిమ్మింగ్ థర్మోస్టాట్ పెట్టి కొన్ని చలికాలాలు గడిచాయి. పెట్టెలో వెచ్చటి వైపు (హాట్ సైడ్) ఎంత వేడి ఉండాలి, చల్లటి వైపు (కూల్ సైడ్) ఎంత ఉండాలి, హీటర్‌కు జాలీ ఎందుకు అన్నవి పాముల్ని పెంచేవాళ్లందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను రాస్తున్నది ఒక చిన్న వస్తువు గురించి. వేడిని కొలిచి థర్మోస్టాట్‌కు చెప్పే వైరు కొనను, అంటే ప్రోబ్‌ను, పెట్టె గోడకు పట్టి ఉంచడానికి డబ్బాలో ఒక రబ్బరు సక్షన్ కప్ వస్తుంది కదా, దాని గురించి. ఇంత మంచి యంత్రాన్ని తయారుచేసి, పాము క్షేమమంతా ఆ కప్పు మీద వేలాడదీశారంటే నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. కంపెనీ పేరు అనవసరం, ఇలాంటి కప్పులు చాలావాటితో వస్తున్నాయి.

ముందు మంచి చెప్పాలి. అంతకుముందు నా దగ్గరున్నది ఆన్-ఆఫ్ రకం. టిక్కుమని ఆగిపోయేది, చల్లబడ్డాక మళ్లీ టిక్కుమని అందుకునేది. ఈలోగా వేడి మూడు నాలుగు డిగ్రీలు ఎక్కుతూ దిగుతూ ఉండేది, పాము కూడా దాంతోపాటే చోటు మారుతూ ఉండేది. డిమ్మింగ్ రకం అలా పూర్తిగా ఆపదు, హీటర్‌కు వెళ్లే కరెంటును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. ఇది పెట్టాక పాము నడతే మారింది. మేత తిన్నాక, ఉబ్బుగా ఉన్న నడుము సరిగ్గా హీటర్ కిందికి వచ్చేలా చుట్ట చుట్టుకుని, తల మాత్రం హైడ్ (పాము దాక్కునే గూడు) నీడలో పెట్టుకుని, గంటల తరబడి కదలకుండా పడుకోవడం మొదలుపెట్టింది. అది చూసి నాకు ఎంత సంతోషమేసిందో! కరెంటు పోయి వచ్చినా సెట్టింగులు చెరిగిపోవు, అదీ బాగుంది.

32 దగ్గర పెడితే అర డిగ్రీ కూడా కదలదని అప్పట్లో అడిగినవాళ్లందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడైతే అది ప్రోబ్ ఉన్నచోటి మాట అని కలిపి చెబుతాను. గది చల్లగా ఉన్న రోజుల్లో ప్రోబ్ దగ్గర గాలిని అదే 32కి తేవడానికి హీటర్ ఎక్కువ పనిచేస్తుంది. అప్పుడు దాని కిందున్న రాయి, హైడ్ పైభాగం ఎండాకాలంలో కంటే బాగా వేడెక్కుతాయి. తెర మీద అంకె మాత్రం మారదు. అందుకని రుతువు మారినప్పుడల్లా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నేల వేడి చూసి, సెట్టింగ్ కాస్త అటూ ఇటూ చేసుకోవాల్సి వస్తోంది. ఒకసారి పెట్టి మరిచిపోయే వస్తువు కాదు.

ఇక కప్పు సంగతి. వేడి పైనుంచి పడుతుంటే ప్రోబ్‌ను నేల మీద ఉంచకూడదు. పాము వచ్చి దాని మీద పడుకుంటే ప్రోబ్‌కు వేడి తగలదు. ఇంకా చల్లగానే ఉందనుకుని థర్మోస్టాట్ హీటర్‌ను పెంచుతుంది, ఆ పెరిగిన వేడి పడేది పాము వీపు మీదే. అందుకే చుట్ట చుట్టుకున్న పాము వీపు ఎంత ఎత్తుకు వస్తుందో అంత ఎత్తులో, పక్క గోడకు ప్రోబ్ పెడతాం. అక్కడ దాన్ని పట్టి ఉంచేది ఈ కప్పే. కొత్తలో చాలా గట్టిగా అతుక్కుంది, లాగితే చప్పుడు చేస్తూ ఊడేది. అయితే రోజూ వేడి తగిలి తగిలి రబ్బరు బిరుసెక్కింది, అంచు సన్నగా పైకి లేచింది. దానికి తోడు పాము కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగుకు తిరిగినప్పుడు పెట్టెలో తేమ పెంచుతాం కదా, గోడలన్నీ చెమ్మగిల్లుతాయి. పైథాన్ రాత్రిపూట గోడల్ని ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఇన్ని ఒక్కచోట చేరాక కప్పు నిలుస్తుందా?

అలాంటి ఒక రాత్రే ఊడింది. ఊడి నేల మీద పడినా కొంత నయమే, ప్రోబ్ నీళ్ల గిన్నెలో పడింది. నీళ్లు గాలంత తొందరగా వేడెక్కవు. తెర మీద 25 అని చూపిస్తోంది, సెట్ చేసింది 32. థర్మోస్టాట్ తన లెక్కలో పెట్టె చల్లబడిపోయిందని హీటర్‌ను పూర్తి సామర్థ్యానికి తోసేసింది. మాది డీప్ హీట్ ప్రొజెక్టర్ అనే రకం హీటర్, 80 వాట్లది. బల్బులా వెలగదు కాబట్టి, ఎంత మండుతోందో బయటినుంచి చూస్తే తెలియదు.

మమ్మల్ని లేపింది థర్మోస్టాట్ కాదు. హైడ్ దగ్గర విడిగా పెట్టుకున్న మామూలు డిజిటల్ థర్మామీటర్ అలారం కొట్టింది. పరుగెత్తి చూస్తే పాము అవతలి మూలలో, తలుపు సందు దగ్గర ముక్కు ఆనించి, మెడ నిటారుగా ఎత్తి ఉంది. ముందు ప్లగ్ పీకేశాను. హైడ్ పైభాగం కొలిస్తే 52 చూపించింది. నా కాళ్లలో వణుకు పుట్టింది. పామును బయటికి తీసి, దీపం కింద వీపు, పక్కలు, పొట్ట కింది పొలుసులు ఒక్కొక్క వరుసే చూశాను. ఎరుపు లేదు, బొబ్బ లేదు. పాములకు కాలిన గాయం కొన్ని రోజులయ్యాక గానీ బయటపడకపోవచ్చు, అందుకని తర్వాతి కుబుసం విడిచేదాకా నాకు టెన్షన్ తగ్గలేదు. కుబుసం ఒక్క ముక్కగా, ఎక్కడా చిరగకుండా వచ్చింది. కూల్ సైడ్‌కు పారిపోయేంత చోటు పెట్టెలో ఉండబట్టి బతికిపోయింది.

థర్మోస్టాట్‌లో హై అలారం ఉంది, ప్రోబ్ పాడైతే హీటర్‌ను ఆపే ఏర్పాటూ ఉంది. రెండూ ఆ రాత్రి అక్కరకు రాలేదు. హై అలారం కూడా అదే ప్రోబ్‌ను నమ్ముకుని ఉంది, అది చూస్తున్నది నీళ్లను. ప్రోబ్ చెడిపోలేదు, వైరు తెగలేదు, నీళ్ల వేడిని నిజాయితీగా చెబుతోంది. వేడి మరీ తగ్గితే కూసే అలారం ఈ మోడల్‌లో లేదు. సెట్ చేసిన అంకె కంటే ఏడు డిగ్రీలు తక్కువ చూపిస్తూ, ఎంతసేపు కరెంటు పంపినా ఆ అంకె కదలకపోతే ఎక్కడో తేడా ఉందని ఆ యంత్రం అనుమానించాలి కదా. అది లేకపోవడమే నా అసలు కోపం. కప్పు ఖరీదు ఎంతని, దాని బదులు రెండు స్క్రూలు, ఒక క్లిప్పు డబ్బాలో వేసి ఇవ్వలేరా?

ఇప్పుడు ప్రోబ్ వైరును క్లిప్పుతో గోడకు బిగించి స్క్రూ చేశాం, నీళ్ల గిన్నెకు అందనంత పొట్టిగా లోపల వదిలాం. నేను విసుక్కున్న ఆ పాత ఆన్-ఆఫ్ థర్మోస్టాట్‌నే కాపలాకు పెట్టాను. కరెంటు ముందు దాంట్లోకి, దాన్నుంచి డిమ్మింగ్‌లోకి, అక్కణ్నుంచి హీటర్‌కు వెళ్తుంది. పాతదాని ప్రోబ్ వేరే చోట ఉంది, అక్కడ 37 దాటితే మొత్తం ఆపేస్తుంది. 80 వాట్ల హీటర్ తీసేసి 50 వాట్లది కూడా పెట్టాను. మా గది మరీ చల్లబడదు కాబట్టి అది సరిపోతోంది, చలి ఎక్కువుండే ఇళ్లలో చాలకపోవచ్చు.

మళ్లీ కొనాల్సివస్తే ఈ రకమే కొంటాను, కప్పు మాత్రం డబ్బాలోంచి బయటికి తీయను. నా పెట్టె చెక్కది, స్క్రూ దిగింది. పూర్తి గాజు ట్యాంకు ఉన్నవాళ్లు పైమూత జాలీ నుంచి వైరు దించి ప్లాస్టిక్ టైలతో కట్టుకోవచ్చేమో. టేపు మాత్రం లోపల అంటించకండి, పొలుసులకు అతుక్కుంటే చర్మం ఊడివస్తుంది. మాకున్నది ఒక్కటే పాము, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటాం. రోజంతా ఇంటికి తాళం వేసి వెళ్లేవాళ్లకు అలారం మోగినా వినేవాళ్లు ఉండరు కాబట్టి, ఇది ఒక్కటే కొనమని చెప్పలేను. వేరే ప్రోబ్ ఉండి, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే రెండో కటాఫ్‌ను కూడా దీంతోపాటే తీసుకోండి.