ఎగ్‌లెస్ మయో రివ్యూ: నూనె తేలట్లేదు, కానీ తీపి తగ్గించాలి

ఎంవీపీ కాలనీలో మా వీధి సూపర్ మార్కెట్లో దొరికే లోకల్ బ్రాండ్ ఎగ్‌లెస్ మయో గురించి ఇది. శాండ్‌విచ్‌లకి, రోల్స్‌కి ఇంట్లో ఇదే వాడుతున్నాం, వైజాగ్ ఉక్కపోతలో కూడా టిఫిన్ బాక్సులో నూనె వేరుపడకుండా ఉంటోంది, అది నాకు బాగా నచ్చింది. తెలంగాణలో 2024 అక్టోబర్‌లో పచ్చిగుడ్డు మయో బ్యాన్ చేసినప్పటి నుంచి ఇక్కడ కూడా చాలామంది ఎగ్‌లెస్సే అడుగుతున్నారు.

గుడ్డు మయోలో నూనెని నీళ్లని కలిపి ఉంచేది పచ్చసొనలో ఉండే లెసిథిన్. ఇందులో ఆ పని స్టార్చ్‌ది, లేబుల్ మీద దాని అడిటివ్ కోడ్ ఐఎన్ఎస్ 1450 అని ఉంది చూడండి. ఉత్త స్టార్చ్‌కి నూనెతో పొత్తు కుదరదు, అందుకని కెమికల్‌గా నూనెని పట్టుకునే గుణం దానికి తగిలిస్తారు. పర్మిషన్ ఉన్నదే, భయపడక్కర్లేదు.

నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను కాబట్టి ఇంకో దారి గురించి కూడా చెప్పాలి, స్టార్చ్‌ని నీళ్లలో కలిపి 600 మెగాపాస్కల్స్ దాకా ఒత్తిడి పెడితే, అంటే సముద్రంలో అతి లోతైన చోటైన మరియానా ట్రెంచ్ అడుగున ఉండేదానికి ఐదు రెట్లు పైనే, పొయ్యి మీద పెట్టకుండానే అది ఉడికినట్టు అవుతుంది, పైగా వేడికి పగిలినట్టు స్టార్చ్ రేణువు పగిలిపోదు, చాలావరకు ఆకారం నిలుపుకుంటుంది. అలాంటి సన్నటి రేణువులు నూనె బొట్ల చుట్టూ చేరి ఒకదానితో ఒకటి కలవకుండా అడ్డుపడతాయి, ఇలా నూనె, నీళ్లు విడిపోకుండా ఉండే మిశ్రమాన్నే పికరింగ్ ఎమల్షన్ అంటారు, పికరింగ్ అనే కెమిస్ట్ 1907లో దీని మీద రాశాడు. అన్ని స్టార్చ్‌లూ ఒకేలా లొంగవు, గోధుమది త్వరగా మారుతుంది, బంగాళాదుంపది 600 దగ్గర కూడా మొండికేస్తుంది. ఆ మెషీన్లు చాలా ఖరీదు, అందుకే చిన్న కంపెనీలు అటు వెళ్లట్లేదు. కానీ సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలం మిల్లులు పెట్టుకుని మనవాళ్లు ఇది ట్రై చెయ్యకపోతే ఎలా, నిజంగా చెయ్యాలి!

టేస్ట్‌కి వస్తే పులుపు సరిపోయింది, పంచదార ఎక్కువైంది, చల్లగా తింటే చివర్లో కొంచెం గంజి జిగురు తెలుస్తుంది. వేడి రోల్‌లో అది తెలీదు. నావైపు నుంచి 5కి 4.

ఓపెన్ చేశాక ఫ్రిజ్‌లో కింద అరలోనే పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకట్టి కరిగితే నూనె, నీళ్లు విడిపోతాయి, తర్వాత ఎంత గిలక్కొట్టినా పాత చిక్కదనం రాదు.