కెంపు కొంటే జాతిదా, కాచినదా, గాజు నింపినదా, బట్టీదా: ఏది మేలు?

మా అక్క ఉంగరం వేలికి బిగుతైంది. సంక్రాంతికి నెల్లూరు వచ్చినప్పుడు కాస్త వదులు చేయించమని నా చేతికిచ్చి పోయింది. ఆచారి ఉంగరాన్ని ఒకచోట కోసి, చిన్న బంగారు ముక్క చేర్చి, అతకడానికి మంట పెట్టాడు. చల్లారాక చూస్తే దానిమ్మ గింజలా ఉండే రాయి ఒళ్ళంతా పగుళ్ళు తేలి, రోజ్‌మిల్క్ రంగుకు తిరిగిపోయింది. "రాయి ఊడదీసి మంట పెట్టాల్సింది కదా" అని నేను. "కెంపయితే ఈ మాత్రం సెగకు ఇట్లా అయిపోదు అబ్బయా" అని ఆయన. కొన్న కొట్టుకు పోతే వాళ్ళు ఏమాత్రం తడబడలేదు. "ఒరిజినల్ రాయే సార్, భూమిలోంచి తీసిందే" అన్నారు.

ల్యాబుకు పంపి రిపోర్టు తెప్పించాక తేలిందేమంటే, ముగ్గురం నిజమే చెప్పాం. రాయి భూమిలోంచి వచ్చిందే. కాకపోతే పగుళ్ళతో దేనికీ పనికిరాని ముక్కలో సీసం కలిపిన గాజు కరిగించి పోసి, కెంపులా నిలబెట్టారు. మంట తగలగానే ఆ గాజు చెడిపోయింది. అప్పటినుంచి నాకు "ఒరిజినలేనా?" అనే ప్రశ్న మీదే నమ్మకం పోయింది. కొట్టులో అడగాల్సింది "ఈ రాయికి ఏమేం చేశారు?" అని. ఆ జవాబును బట్టి కెంపులు నాలుగు రకాలు. వాటి ధరల మధ్య నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

మంచి కెంపు ఎందుకంత అరుదో తెలియాలంటే మన నెల్లూరు వైపే చూడొచ్చు. గూడూరు, సైదాపురం వైపు మైకా గనుల చుట్టుపక్కల తిరిగినవాళ్ళకు నేల మీద తళతళలాడే కాకిబంగారం కొత్త కాదు. అందులోనూ అల్యూమినియం ఉంది, కెంపులోనూ అదే ఉంది. అల్యూమినియం, ఆక్సిజన్ రెండే కలిసి స్ఫటికమైతే కురువిందం, అది ఎర్రగా ఉంటే కెంపు. (ఇంగ్లీషువాళ్ళ కొరండం అనే మాట మన దక్షిణాది నుంచి పోయిందే.) భూమిలో అల్యూమినియానికి కొదవ లేదు. కానీ పక్కన సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం ఉంటే అది ఊరుకోదు. అల్యూమినియాన్ని తనలో కలుపుకుని మైకాగానో ఫెల్డ్‌స్పార్ అనే మామూలు ఖనిజంగానో మార్చేస్తుంది. మన గనుల రాళ్ళలో సిలికా పుష్కలం. అందుకే అక్కడ మైకా వచ్చింది, పలుగురాయి వచ్చింది, కెంపు రాలేదు. సిలికా లేనిచోట అల్యూమినియం ఉండి, దానికి నూటికి ఒక పాలు అటూఇటూగా క్రోమియం కలిస్తేనే ఆ ఎరుపు. ఈ రెండూ ఒకేచోట చేరడం చాలా అరుదు.

అలా చేరిన చోటుల్లో పేరున్నది బర్మాలోని మోగోక్. మన భూఖండం ఆసియాను గుద్దుకున్న ఒత్తిడికి అక్కడి సున్నపురాయి పాలరాయిగా మారింది, ఆ పాలరాయిలో కెంపులు పుట్టాయి. పాలరాయిలో ఇనుము తక్కువ. ఇనుము తక్కువైతే క్రోమియం ఎండకు లోపల్నించి నిప్పులా వెలుగుతుంది. థాయిలాండ్, కంబోడియా వైపు కెంపులు లావా మోసుకొచ్చినవి, ఇనుము ఎక్కువ, అందుకే నల్లటి నీడ. 2009లో మొజాంబిక్‌లోని మాంటెప్వెజ్ దగ్గర పెద్ద నిల్వలు బయటపడ్డాక ఇప్పుడు బజారుకు వచ్చేవాటిలో చాలావరకు ఆఫ్రికావే. మైసూరు వైపు దొరికే మన కెంపులు ఎక్కువగా మసకగా ఉంటాయి. వాటిని గుండ్రంగా సానబెడితే పైన ఆరు గీతల నక్షత్రం తేలుతుంది.

ఇక అసలు పోటీకి వద్దాం. మొదటిది ఏమీ చేయని జాతి కెంపు. తవ్వారు, కోశారు, సానబెట్టారు, అంతే. 2015లో జెనీవా వేలంలో 25.59 క్యారెట్ల (రాళ్ళ తూకంలో క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు) బర్మా కెంపు 'సన్‌రైజ్ రూబీ' 3 కోట్ల డాలర్లు దాటింది. 2023లో న్యూయార్క్‌లో 55.22 క్యారెట్ల మొజాంబిక్ కెంపు 'ఎస్ట్రెలా డి ఫ్యూరా' 3.48 కోట్ల డాలర్లకు పోయింది. రెండూ కాచనివే. రెండో రాయి బరువు రెట్టింపు పైనే, ధర మాత్రం కొంచెమే ఎక్కువ. అంటే క్యారెట్ లెక్కన బర్మా రాయికి దాదాపు రెట్టింపు పెట్టారు. పుట్టిన ఊరికి కూడా రేటు కడతారన్నమాట. మనలాంటివాళ్ళు ఈ రకానికి పోతే డబ్బులో పెద్ద భాగం రంగుకు కాదు, "కాచిన ఆనవాళ్ళు లేవు" అని రిపోర్టులో ఉండే ఒక్క వాక్యానికి పోతుంది. రేపు అమ్మాలనుకునేవాళ్ళకు, తరతరాలుగా దాచాలనుకునేవాళ్ళకు అది సబబే. వేలికి పెట్టుకుని బజారుకెళ్ళే మనిషికి ఎందుకు?

రెండోది కాచిన కెంపు. కొట్లో 'హీటింగ్ రాయి' అంటారు. బజారులో అమ్మే జాతి కెంపుల్లో ఎక్కువ భాగం ఇవే, ఇందులో మోసమేమీ లేదు. వేయి డిగ్రీలు దాటిన బట్టీలో కాస్తే లోపల సన్న పోగుల్లా ఉండే నూగు కరిగి రాయి తేటపడుతుంది, ఊదా రంగు తగ్గి ఎరుపు తేలుతుంది. ఆ మార్పు మళ్ళీ వెనక్కి పోదు. ఒక్క మెలిక ఉంది. 1990ల్లో బర్మాలోనే మాంగ్ షూ అనే చోట బోలెడు కెంపులు దొరికాయి, వాటి నడుమ నీలం చార. అది పోవడానికి కాచేటప్పుడు వెలిగారం (బోరాక్స్) లాంటివి వేశారు, అవి పగుళ్ళలో చేరి అతుకుపడ్డాయి. అందుకే మంచి రిపోర్టులో "కాచారు" అన్నదానితో పాటు పగుళ్ళలో అతుకు పదార్థం ఏమీ లేదా, కొద్దిగా ఉందా, ఎక్కువ ఉందా అని కూడా రాస్తారు. ఏమీ లేకపోయినా, కొద్దిగా ఉన్నా నాకు ఇబ్బంది లేదు. ఎక్కువ ఉంటే ధర ఆ మేరకు తగ్గాలి.

మూడోది మా అక్కను ముంచింది. 2004 ప్రాంతం నుంచి ప్రపంచం మీద పడిన గాజు నింపిన కెంపు. దీని గుట్టు తెలియాలంటే జాతకాల లెక్క తెలియాలి. అక్కకు సూర్యుడికి కెంపు పెట్టుకోమన్నాయన ఐదు రత్తులకు తగ్గకూడదన్నాడట. రత్తి అంటే గురివింద గింజ ఎత్తు. వాళ్ళ లెక్కలో ఐదు రత్తులు దగ్గర దగ్గర నాలుగున్నర క్యారెట్లు. ఆ సైజులో శుభ్రమైన కెంపు కావాలంటే పొలం అమ్మాలి. కానీ అక్క చేతిలో ఉన్నది ఒక మంచి ఫోన్ డబ్బు. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులోనే ఈ రాయి దూరుతుంది. పెద్దగా, ఎర్రగా, చవగ్గా, పైగా "భూమిలోంచి తీసిందే". గాజు మాత్రం మెత్తన. మంటకు ఆగదు, ఆచారి కడిగే యాసిడ్‌కు ఆగదు, ఆఖరికి నిమ్మరసానికి కూడా పైపూత తినేసినట్టు అవుతుంది. రోజూ చేపల పులుసుకు చింతపండు పిసికే నెల్లూరు చేతికి ఇంతకన్నా పొసగని రాయి లేదు. రెండేళ్ళలో పోయే రాయికి బంగారు ఉంగరం చేయించడం ఏ లెక్కన చూసినా దండగ.

దీన్ని పట్టుకోవడం మిగతావాటికన్నా తేలిక. కంటికి బిగించుకునే పది రెట్ల భూతద్దంతో దీపం కింద రాయిని మెల్లగా తిప్పితే, పగుళ్ళలో నీలం మెరుపు వచ్చి పోతుంది. గాజులో చిక్కుకున్న గాలి బుడగలు చదునుగా కనిపిస్తాయి.

నాలుగోది బట్టీలో పుట్టిన కెంపు, సింథటిక్. దీన్ని నకిలీ అనడం నాకిష్టం లేదు. ఫ్రాన్సులో వెర్న్యూయ్ అనే ఆయన 1902లో పద్ధతి బయటపెట్టాడు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిలో చిటికెడు క్రోమియం ఆక్సైడ్ కలిపి మంటలోంచి రాలుస్తూ పోతే కింద కెంపు కడ్డీలా పెరుగుతుంది. పదార్థం అదే, గట్టితనం అదే. మీ నాన్నగారి పాత వాచీ మీద "17 జ్యువెల్స్" అని ఉంటే ఆ రాళ్ళు ఇవే. 1960లో మొదటి లేజర్ వెలిగింది కూడా ఇలాంటి కెంపు కడ్డీతోనే. వందేళ్ళ పైనుంచీ ఇవి బజారులో ఉన్నాయి కాబట్టి "పాత నగ, కాబట్టి జాతి రాయే" అనే మాట చెల్లదు. మా అమ్మమ్మ కమ్మల్లోవి బర్మా కెంపులని ఇంట్లో అందరం చెప్పుకునేవాళ్ళం. భూతద్దం కింద పెడితే లోపల గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు వంపు గీతలు. జాతి రాయిలో పొరలు తిన్నగా, కోణాలు తిరిగి ఉంటాయి, ఇలా వంగవు. అమ్మకు ఇంకా చెప్పలేదు. చెప్పినా ఆ కమ్మలు ఆవిడ చెవులు దిగవు.

ఎర్రరాళ్ళలో ఇంకో రెండున్నాయి, ఇవి కెంపులు కావు గానీ నకిలీలూ కావు: స్పినెల్, గార్నెట్. బ్రిటన్ రాజు కిరీటంలో ముందు పొదిగిన 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' స్పినెలే. శతాబ్దాలపాటు కెంపనుకున్నారు, రాజులే మోసపోతే మనమెంత! గార్నెట్ మన నేలలో, మైకా పలకరాళ్ళలో మచ్చల్లా కనిపించే రాయి. మన వైపు పొలంలో "కెంపు దొరికింది" అని ఎవరైనా ఎర్రరాయి చూపిస్తే తొంభై పాళ్ళు అదే అయి ఉంటుంది. గార్నెట్‌ను మామూలుగా కాచరు, గాజు నింపరు. ఏమీ చేయని ఎర్రరాయి తక్కువ ధరలో కావాలంటే నేను గార్నెట్‌నే చెబుతాను, జాతకంలో సూర్యుడు ఒప్పుకుంటే.

ఇంట్లో పరీక్షల గురించి రెండు మాటలు. పాలలో వేస్తే పాలు ఎర్రబడతాయన్నది కబుర్లకు బాగుంటుంది. అద్దం మీద గీసి చూడటం వల్ల ఒరిగేదేమీ లేదు, గార్నెట్ కూడా అద్దాన్ని గీస్తుంది. యూవీ టార్చి వేస్తే గార్నెట్ మిన్నకుంటుంది, బర్మా కెంపు వెలుగుతుంది. కానీ బట్టీ కెంపు కూడా వెలుగుతుంది, చాలాసార్లు ఇంకా ఎక్కువగా. విడి రాయి అయితే కొట్టులోని సన్న త్రాసు మీద ఒకసారి మామూలుగా, ఒకసారి నీళ్ళలో వేలాడదీసి తూచమనండి. కెంపు నీళ్ళలో నాలుగో వంతు బరువు తగ్గుతుంది, 2 గ్రాములది ఒకటిన్నర తూగాలి. వట్టి గాజు, స్పినెల్ అంతకన్నా ఎక్కువ తగ్గి పట్టుబడిపోతాయి. జాతి కెంపునూ బట్టీ కెంపునూ విడదీయడం మాత్రం త్రాసు వల్ల కాదు, లోపలి గీతలు, బుడగలు చూడాల్సిందే. కాచారా లేదా అన్నది తేల్చడానికి మాత్రం ల్యాబే దిక్కు. జైపూర్ లాంటిచోట దీనికి పేరున్న ల్యాబులున్నాయి. ఫీజు కూడా రాయి ధర ముందు పెద్ద లెక్కలోది కాదు.

అక్కతో వారం రోజులు ఫోన్లో వాదించాక నేను చెప్పింది ఇది. ఒక్క ఉంగరానికైతే కాచిన జాతి కెంపు, ఒకటింపావు క్యారెట్ అయినా చాలు, రిపోర్టుతో. పెళ్ళిళ్ళకు వేసుకునే కెంపుల హారమైతే బట్టీ రాళ్ళు, బిల్లు మీద 'సింథటిక్' అని రాయించుకుని, ఆ ధరకే. గాజు నింపినది ఊరికే ఇచ్చినా వద్దు. రత్తులు తగ్గాయని అక్క కాసేపు అలిగింది గానీ చివరికి చిన్న రాయికే ఒప్పుకుంది. కొత్త ఉంగరాన్ని ఈసారి రాయి లేకుండానే వేలికి సరిచూసి, మంట పనంతా అయ్యాక పొదిగించాం. కెంపు సెగకు ఆగినా, అతకడానికి వాడే వెలిగారం వేడి మీద దాని పైమెరుగును కూడా కొరుకుతుందని ఆ ఆచారే చెప్పాడు. ముందే చెప్పుంటే బాగుండేది పెద్దాయన.